అప్‌డేట్: నాన్న పాత రేజర్ సంగతి

పోయిన నెల అడిగాను కదా, 76 ఏళ్ల మా నాన్నకి చెయ్యి వణుకుతోంది, రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నారు, అయినా పాత సేఫ్టీ రేజర్ వదలనంటున్నారు, ఏం చెయ్యాలని. చాలామంది ట్రిమ్మర్ కొనమన్నారు. కొన్నాను. రెండు రోజులు వాడి, "గొర్రెకి బొచ్చు తీసినట్టుంది" అని డబ్బాలో పెట్టేశారు.

ఒకరు మాత్రం ముందు రేజర్ విప్పి చూడమన్నారు. వాళ్లకి దణ్ణం పెట్టాలి. మూడు ముక్కలూ విడదీస్తే, పైమూత లోపల మా బోరు నీళ్ల ఉప్పూ ఎండిన సబ్బూ కలిసి తెల్లగా గారకట్టి ఉన్నాయి. దాంతో బ్లేడు ఒకవైపు కాస్త పైకి లేచి కూర్చుంటోంది. గాట్లు పడేదీ ఆ వైపే! నిమ్మరసం కలిపిన గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను.

పిడి మీద గరుకు గీతలు బొటనవేలు ఆనే చోట ఎప్పుడో అరిగి నున్నబడ్డాయి. సబ్బు చేతికి అక్కడే జారుతోంది. సైకిల్ ట్యూబు ముక్క తొడిగాను. "దీని అందం పాడు చేశావు కదరా" అని గొణిగారు గానీ తీసెయ్యలేదు.

ఇంకోటి, ఒక్కో బ్లేడు నెలంతా లాగిస్తున్నారట! మొద్దుబారితే ఒత్తి గీస్తారు, అందుకే తెగుతుంది. ఇప్పుడు సోమవారం సోమవారం కొత్తది నేనే వేస్తున్నాను. పటిక ముక్క ఎలాగూ ఉంది.

మెడ దగ్గర మాత్రం నేను గీస్తానంటే ఒప్పుకున్నారు. నిన్న గీస్తుంటే వణికింది నా చెయ్యే.