నెపోలియన్ నాణేల మీద ‘రిపబ్లిక్’ పేరు ఎందుకు మారింది?

తొమ్మిదో తరగతికి ఫ్రెంచి విప్లవం పాఠం తయారు చేసుకుంటూ ఒకచోట ఆగిపోయాను. తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

1792లో రాజరికం రద్దయింది. 1793 జనవరి 21న పదహారో లూయీకి గిలటిన్ శిక్ష అమలైంది. 1804 మే 18న నెపోలియన్ చక్రవర్తి అయ్యాడు. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు.

1807 నాటి ఐదు ఫ్రాంకుల వెండి నాణెం ఫొటో పెద్దది చేసి చూశాను. బొమ్మ వైపు ‘నెపోలియన్ చక్రవర్తి’ అని ఉంది. వెనక్కి తిప్పితే ఆకుల దండ మధ్యలో విలువ, దాని చుట్టూ ‘ఫ్రెంచి రిపబ్లిక్’! 1809 నాణెం మీద అదే చోట ‘ఫ్రెంచి సామ్రాజ్యం’ అని ఉంది.

1804 రాజ్యాంగం అనువాదం తీసి చూశాను. రిపబ్లిక్ ప్రభుత్వాన్ని చక్రవర్తికి అప్పగిస్తున్నామని మొదటి అధికరణంలోనే రాశారు. కాబట్టి మొదట్లో ఆ పేరు ఉంచడం అర్థమైంది. తర్వాత తీసేయడమే అంతుపట్టడం లేదు. పాఠ్యపుస్తకంలో ఈ ప్రస్తావనే లేదు, నాణేల కేటలాగుల్లో సంవత్సరాలు తప్ప కారణం లేదు. పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది, ఊహించి చెప్పడం నాకిష్టం లేదు.

నాలుగేళ్లకు పైగా ఉంచిన ‘రిపబ్లిక్’ పేరును 1809 నాణేల నుంచి తీసేయడానికి రాజకీయ కారణం ఏమిటి?