నాన్నగారి ఫియట్ తుడిస్తే గుడ్డకి రంగు అంటుతోంది, ఎండలో చూస్తే గీతలు. ఎలా కడగాలి?

మెరూన్ పద్మిని (నిజాంపేట, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. నాన్నగారి ప్రీమియర్ పద్మిని (అందరూ ఫియట్ అనేదే), 1988 మోడల్, ఈ మధ్యే తెనాలి నుంచి నా దగ్గరకి తెచ్చుకున్నాను. మెరూన్ రంగు. మధ్యలో ఒకసారి బండి మొత్తానికి రంగు వేయించారు కానీ ఏ పెయింట్ వేశారో చెప్పేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. ఇంజన్‌కి మంచి మెకానిక్ దొరికాడు. నా టెన్షన్ అంతా పైరంగు గురించే.

మా అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్ రోజూ తెల్లవారుజామున అందరి కార్లూ తుడుస్తాడు. ఒకే బకెట్టు, ఒకే గుడ్డ. పక్కనే కొత్త బిల్డింగ్ కడుతున్నారు, గ్రానైట్ కోసే దుమ్మంతా మా సెల్లార్లోకే వస్తుంది. ఇప్పుడు బానెట్ మీద ఎండ పడితే సాలెగూడులా గుండ్రంగా సన్నని గీతలు కనిపిస్తున్నాయి. తెల్లగుడ్డతో గట్టిగా తుడిస్తే గుడ్డ గులాబీ రంగులోకి మారుతోంది. బోరు నీళ్లతో కడిగితే ఆరాక తెల్లమచ్చలు. ఇది చాలదన్నట్టు పావురాలు.

మా చెల్లెలి పెళ్లికి ఈ బండిలోనే పెళ్లికూతుర్ని తీసుకెళ్లాలని ఇంట్లో అందరి కోరిక. మళ్లీ పెయింట్ వేయించే ఉద్దేశం లేదు, నాన్నగారు వేయించిన రంగే ఉండాలి. ఉన్నదాన్ని పాడు చేయకుండా కడగడం ఎలాగో తెలిసినవాళ్లు చెప్పండి.


వీకెండ్ డ్రైవర్

ఇంత ఆలోచన ఎందుకు బ్రో. ఏదైనా వాటర్ వాష్ సెంటర్లో ఇచ్చేయండి. ఫోమ్ కొట్టి, ప్రెషర్‌తో కడిగి, గంటలో తళతళలాడించి ఇస్తారు. పైన ఒక సిరామిక్ కోటింగ్ కూడా చేయించేస్తే ఇక చూసుకోనక్కర్లేదు.


పాత గన్ను (ఆటోనగర్, విజయవాడ)

నేను ఆటోనగర్‌లో పెయింటింగ్ పని చేస్తానండి. మీ ఫియట్ లాంటివి చాలా నా చేతి మీదుగా వెళ్లాయి. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ వాటర్ వాష్ మాట. ఫోమ్‌తో ఇబ్బంది లేదు, ఫోమ్ తర్వాత రుద్దే స్పాంజితోనే ఇబ్బంది. మీకంటే ముందు వచ్చిన ఇసుక ట్రాక్టరుకి ఏది వాడారో మీ బానెట్‌కీ అదే వాడతారు. పైగా మీది లప్పం పెట్టి మళ్లీ రంగేసిన బండి. తలుపుల కింది అంచుల్లో, చక్రాల పైన వంపుల దగ్గర, డిక్కీ తాళం చుట్టూ రంగు కాస్త లేచి ఉంటే, ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టగానే పెచ్చు పెచ్చుగా ఊడొస్తుంది. ఇంట్లో మామూలు పైపు చాలు.

గుడ్డకి అంటే గులాబీ రంగు చూసి భయపడకండి. ఈ కాలం కార్లలో రంగు పొర మీద క్లియర్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. గుడ్డకి తగిలేది ఆ క్లియరే, కింద రంగు కాదు. మీ బండికి క్లియర్ లేదు, రంగే పైపొర. ఎండకి ఆ పైపొర చచ్చిపోయి సుద్దలా పొడి అవుతుంది, ఎరుపు జాతి రంగుల్లో ఇది మరీ ఎక్కువ. ఆ పొడే మీ గుడ్డకి అంటుతోంది. కింద అసలు మెరూన్ ఇంకా ఉంది. అనుమానం ఉంటే డిక్కీ మూత లోపలి అంచు చూడండి, ఎండ తగలని చోట రంగు ఎలా ఉందో తెలుస్తుంది.

అలాగని ఆ పొడి పోయేదాకా ప్రతి వారం రుద్దారో, రుద్దినంత రంగూ పోతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త కారు మీద కూడా ప్రైమర్, రంగు, క్లియర్ అన్నీ కలిపితే వంద నూటయాభై మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు, కాస్త అటూ ఇటూ. మీ బండి మీద ఎంత మిగిలిందో మందం కొలిచే మీటరు పెట్టినా సరిగ్గా తేలదు, ఎందుకంటే కింద లప్పం మందం కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. కాబట్టి రబ్బింగ్ కాంపౌండ్ (పైరంగుని అరగదీసి మెరిపించే ముద్ద) అనే మాట ఎవరు ఎత్తినా వద్దనండి. సిరామిక్ కూడా వద్దు. చచ్చిన పొర మీద కోటింగ్ వేస్తే ఆ పొడిని లోపల పెట్టి తాళం వేసినట్టే.

ఇక గీతలు. ఎండలో గుండ్రంగా కనిపించినంత మాత్రాన వాచ్‌మన్ గుండ్రంగా తుడిచాడని కాదు. గీతలు అన్ని దిక్కులా ఉంటాయి. వెలుతురుకి అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి సూర్యుడి చుట్టూ వలయంలా కనిపిస్తాయి. వాటికి కారణం నీళ్లూ కాదు, షాంపూ కూడా కాదు, పొడిగుడ్డ. గ్రానైట్ దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది, అది పెయింట్ కంటే ఎన్నో రెట్లు గట్టిది. దుమ్ము పట్టిన బండిని పొడిగుడ్డతో గానీ, ఒకసారి ముంచి పిండిన గుడ్డతో గానీ తుడవడమంటే వాటర్ పేపర్ పట్టడమే. మీ వాచ్‌మన్‌కి నెలకి ఇచ్చేది ఇవ్వండి, కానీ అద్దాలు, చక్రాలు మాత్రమే తుడవమనండి. డబ్బు తగ్గించకపోతే అతనికీ సంతోషమే. మానేయమని ఊరికే చెబితే మాత్రం మీరు చూడనప్పుడు పాపం మొహమాటానికి తుడిచేస్తాడు.

కడిగే రోజు బండి చల్లగా ఉండాలి. ఎక్కడికైనా వెళ్లి వస్తే ఇంజన్ వేడి బానెట్‌కి ఎక్కుతుంది, చేత్తో తాకి చూసుకోండి. ముందు చక్రాలు కడిగేసుకోండి, దానికి వేరే బకెట్టు, వేరే గుడ్డ. తర్వాత బండి మీద ఏమీ పెట్టకుండా పైనుంచి కిందకి నీళ్లు ధారగా పోయండి. ఫియట్‌కి టాప్ అంచున చుట్టూ వాన నీళ్లు జారే కాలువ ఉంటుంది చూడండి, అక్కడ ఏళ్ల తరబడి మట్టి పేరుకుని ఉంటుంది. మెత్తని పెయింట్ బ్రష్‌తో దాన్ని ముందే కదిపి నీళ్లు పోసి దింపేయాలి. లేకపోతే మీరు తలుపు రుద్దుతుంటే పైనుంచి ఇసుక మీ చేతి కిందకే దిగుతుంది. ఈ ఒక్క పని ఎవరూ చేయరు. తుడుస్తున్నకొద్దీ తలుపుల మీద నిలువు గీతలు ఎందుకు పడుతున్నాయని నన్ను అడుగుతారు.

షాంపూ నీళ్లు ఒక బకెట్లో, మంచినీళ్లు ఇంకో బకెట్లో. చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ గ్లౌజు షాంపూలో ముంచి, ఒక ప్యానెల్ కడిగి, మంచినీళ్లలో జాడించి, మళ్లీ షాంపూలో ముంచాలి. బరువు వేసి నొక్కకండి, గ్లౌజు తన బరువుతో తాను జారాలి. టాప్, బానెట్, డిక్కీ, తర్వాత తలుపుల పైభాగం. గడపల దగ్గర కింది భాగం అన్నిటికంటే ఆఖర్న. బట్టల పౌడరు, గిన్నెలు తోమే లిక్విడ్ వద్దు, ఉన్న వ్యాక్స్ అంతా లాగేస్తాయి. పాత డ్రైవర్లు నీళ్లలో కిరసనాయిలు కలిపేవారు, మెరుపొస్తుందని. వస్తుంది, సాయంత్రానికి ఆ జిడ్డుకి ఊళ్లో దుమ్మంతా అంటుకుంటుంది. అద్దాల రబ్బరు బీడింగు ఉబ్బిపోతుంది కూడా. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసేయండి. బెల్టు బకిల్ సంగతి కూడా గుర్తుంచుకోండి, టాప్ తుడవడానికి వంగినప్పుడు తలుపుకి గీసేది అదే.

తెల్లమచ్చలు బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం వల్ల. నీళ్లు ఆవిరైపోతాయి, అవి ఉండిపోతాయి. చాలామంది వృథా ఎందుకని ఆర్‌ఓ నుంచి బయటికి పోయే నీళ్లతో కారు కడుగుతారు. అది బోరు నీళ్ల కంటే అధ్వానం, ఆర్‌ఓ వడగట్టిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. దానికి బదులు మీ ఏసీ బయట పైపు కింద బకెట్టు పెట్టండి. గాలిలో తేమ చల్లబడి వచ్చిన నీళ్లవి, ఉప్పు దాదాపు ఉండదు. పల్చటి గుడ్డలో వడగట్టి ఆఖరి కడుగుకి వాడుకోండి. ఆరనివ్వకుండా, దళసరి మైక్రోఫైబర్ టవల్ పరిచి రెండు చేతులతో మీ వైపుకి లాగండి చాలు, రుద్దొద్దు.

పావురం రెట్ట పడితే గోకకండి. తడిగుడ్డ దాని మీద వేసి పది నిమిషాలు వదిలేస్తే నానుతుంది, అప్పుడు గుడ్డతో పైకి ఎత్తేయండి. ఎండలో పడి ఉంటే మాత్రం ఎంత త్వరగా తీస్తే అంత మంచిది. అది ఎండి ముడుచుకునేటప్పుడు పెయింట్‌ని కూడా లాగి, కింద అచ్చు వేసేస్తుంది.


వైట్‌ఫీల్డ్ వాసి (బెంగళూరు)

పెయింటర్ గారు చెప్పినదానికి చిన్న చేర్పు. మాకిక్కడ 2024 మార్చిలో నీటి కరువు వచ్చినప్పుడు తాగునీటితో వాహనాలు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. అప్పటి నుంచి నేను రిన్స్‌లెస్ వాష్‌కి మారిపోయాను. ఆప్టిమమ్ నో రిన్స్ లాంటివి ఆన్‌లైన్లో దొరుకుతాయి. నాలుగు లీటర్ల నీళ్లకి పదిహేను మిల్లీలీటర్లు చాలు. నురగ రాదు, మళ్లీ కడగక్కర్లేదు. ముందుగా అదే ద్రావణం స్ప్రే చేసి మట్టిని నాననిచ్చి, నాలుగు మడతలు పెట్టిన మైక్రోఫైబర్‌తో ఒక్కో మడత ఒక్కో ప్యానెల్‌కి వాడుతూ పోవాలి. సెల్లార్లో పైపు వాడనివ్వని అపార్ట్‌మెంట్లకి ఇదే దారి. నీటిలో ఉప్పు ఎక్కువ ఉన్నా ఆరేలోపే తుడిచేస్తాం కాబట్టి మచ్చలు తక్కువ.

బురద పట్టిన బండికి మాత్రం ఇది పనికిరాదు. వానలో తిప్పి వచ్చారంటే పైపు నీళ్లే.


ఉప్పుగాలి (విశాఖపట్నం)

అందరూ పైనే చూస్తున్నారు, నేను కింద చూడమంటాను. మా మావయ్యగారి ఫియట్ పైకి అద్దంలా ఉండేది, తలుపులు మాత్రం లోపల్నుంచి తుప్పు పట్టి పోయాయి. తలుపు అద్దం పక్క రబ్బరు ఎండిపోతే మీరు పోసిన నీళ్లు లోపలికి దిగుతాయి. తలుపు అడుగున చిన్న కన్నాలుంటాయి, నీళ్లు బయటికి పోవడానికి. అవి మట్టితో పూడుకుపోతే లోపలే నిలిచిపోతాయి. కడిగే ముందు అగ్గిపుల్లతో ఆ కన్నాలు తెరవండి (ఇనుప తీగ వద్దు, లోపల రంగు గీసుకుపోతుంది). కడిగాక తలుపులన్నీ తెరిచి ఆరనివ్వండి, తర్వాత వీధి చివరిదాకా ఒక చుట్టు తిప్పి బ్రేకులు నాలుగైదుసార్లు వేయండి. కడిగిన వెంటనే కవరు కప్పకండి. దుమ్ము మీద కప్పినా అంతే, గాలికి కవరు కదిలితే అదీ పొడిగుడ్డే కదా.

రైలు పట్టాల పక్కన పార్క్ చేసేవాళ్లకి ఇంకో మాట: పెయింట్ మీద చిన్న చిన్న తుప్పు చుక్కలు కనబడితే అవి మీ బండి తుప్పు కాదు, బ్రేకుల నుంచి ఎగిరి వచ్చిన ఇనుప రజను. షాంపూతో పోదు, గోరుతో గీకకండి. దానికి వేరే మందు దొరుకుతుంది, వేస్తే ఊదారంగులోకి మారి కరిగిపోతుంది. మీలాంటి పాత రంగు మీద మాత్రం ముందు ఓ మూల వేసి చూసుకోవాలి.


మెరూన్ పద్మిని

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. డిక్కీ మూత లోపల చూశాను, అక్కడ రంగు ఎంత ముదురుగా ఉందో! వాచ్‌మన్‌తో మాట్లాడాను, అద్దాలూ చక్రాలే అన్నాడు. పెయింటర్ గారూ, రెండు ప్రశ్నలు. ఆ సుద్ద పొర ఒక్కసారైనా తీయకపోతే పెళ్లిలో వెలిసిపోయినట్టు కనబడదా? రెండోది, పూల అలంకరణ చేసేవాళ్లు బండికి సెల్లోటేపు అంటిస్తామంటున్నారు, పర్వాలేదా?


పాత గన్ను

ఒక్కసారి తీయవచ్చండి, మెషిన్‌తో కాదు, చేత్తో. బాగా కడిగి ఆరాక నూనె శాతం ఎక్కువున్న గ్లేజు (రంగుకి మెరుపు తెచ్చే పాలిష్) తీసుకోండి. మెగ్వయర్స్ వాళ్ల నంబర్ 7 పాత పెయింట్లకి వాడతారు. మందంగా రాసి రాత్రంతా వదిలేసి పొద్దున్నే మెత్తటి గుడ్డతో తీస్తే ఎండిన రంగు నూనె పీల్చుకుని ముదురుతుంది. గుడ్డకి ఎరుపు వస్తుంది, ఈసారికి రానివ్వండి. పైన కార్నుబా వ్యాక్స్ పల్చగా ఒక చేయి. గీతలు అన్నీ పోవు, కళ్లకి కనబడటం తగ్గుతుంది. ఇది పెళ్లికి వారం ముందు చేసుకోండి, ముందురోజు పెట్టుకోకండి. హడావుడిలో ఎవరో ఒకరు పొడిగుడ్డ పట్టుకుని సాయం చేస్తామని వస్తారు.

టేపు మాత్రం రంగు మీద వద్దు. మళ్లీ వేసిన పెయింట్, టేపు లాగితే రంగు టేపుతో వచ్చేస్తుంది. ముందు బంపరుకీ వెనక బంపరుకీ రిబ్బన్ కట్టి, టాప్ మీదుగా లాగి దానికే పూలు కుట్టమనండి. అద్దాల మీద కావాలంటే టేపు వేసుకోవచ్చు. బంతిపూలు తడిగా బానెట్‌కి ఆనితే పసుపు మరక దిగుతుంది, కాబట్టి బానెట్ మీద దండ పెడితే కింద అరటాకు పరచమనండి. ఊరేగింపు అయ్యాక పూలు ఆ రాత్రే తీయించేయాలి, తెల్లారేదాకా ఉంచితే ఎండకి ఆకుతో సహా అంటుకుపోతాయి. ఎక్కడైనా జిగురు మిగిలితే కొబ్బరినూనె రాసి కాసేపాగి తుడిచి, అక్కడ మాత్రం షాంపూతో కడగండి. థిన్నర్ ఎవరు తెచ్చినా బండి దగ్గరికి రానివ్వకండి.