పాత ఆయిల్ క్యాన్‌లు మళ్లీ పనిచేసేలా చేసుకోవడం: మీ అనుభవాలు చెప్పండి

బ్రాడీపేట బెంచ్ (గుంటూరు):

అందరికీ నమస్తే. మా నాన్న ముప్పై ఏళ్లకు పైగా గుంటూరులో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో ఫిట్టర్‌గా చేశారు. ఆయన పోయి నాలుగేళ్లు. మొన్న అటక సర్దుతుంటే ఆయన పనిముట్ల పెట్టె అడుగున గోనెగుడ్డలో చుట్టిన రెండు ఆయిల్ క్యాన్‌లు దొరికాయి.

ఒకటి అడుగు నొక్కితే కొమ్ములోంచి చుక్క పడే రకం. రెండోది పిడి దగ్గర లివర్ ఉన్న పంపు రకం. మొదటిదాని అడుగు లోపలికి నొక్కుకుపోయి ఉండిపోయింది, బయటికి రావడం లేదు. పంపు క్యాన్‌లో లివర్ కదులుతోంది గానీ నూనె ఎక్కడం లేదు. రెండింటి లోపలా పాత నూనె బంకలా పట్టేసింది. కింద నుంచి సగం వరకు తుప్పు.

చిన్నప్పుడు సెలవుల్లో నాన్నకు క్యారేజీ ఇవ్వడానికి మిల్లుకు వెళ్లేవాణ్ణి. ఆయన బేరింగ్ దగ్గర వంగి క్యాన్ నొక్కుతుంటే వచ్చే టక్ టక్ చప్పుడు ఇంకా గుర్తుంది. వీటిని బీరువాలో పెట్టి చూసుకోవాలని లేదు. ఇంటి వెనక చిన్న షెడ్డులో డ్రిల్లు, వైస్, పాత లేత్ పెట్టుకున్నాను. అక్కడ రోజూ వాడాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. తొందరపడి పాడుచేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది.

ఆటోనగర్ లేత్ (విజయవాడ):

ముందు ఒక మాట. తుప్పు సంగతి తర్వాత చూద్దాం, లోపలి బంక సంగతి మొదట. నేను ఇప్పటికి నలభై దాకా బాగుచేశాను. అందులో సగానికి పైగా లోపం తుప్పు కాదు, ఎండిపోయిన నూనె.

అడుగు నొక్కే రకం ఎలా పనిచేస్తుందో తెలిస్తే మీ క్యాన్‌కు ఏమైందో మీకే అర్థమవుతుంది. అడుగున ఉండేది మామూలు రేకు కాదు, స్ప్రింగు రేకు. నొక్కగానే లోపలి గాలి ఒత్తిడికి నూనె కొమ్ములోంచి బయటికొస్తుంది. వేలు తీయగానే రేకు వెనక్కి వస్తూ అదే కొమ్ములోంచి గాలిని పీల్చుకుంటుంది. కొమ్ము బంకతో మూసుకుపోతే గాలి లోపలికి వెళ్లే దారి లేదు. ఇక రేకు వెనక్కి ఎలా వస్తుంది? అందుకని మొదట కొమ్ము విప్పి చూడండి. మర పట్టేసి ఉంటే పానాతో బలవంతం చేయకండి. కొమ్ము మొదట్లో ఉండే అతుకు టంకంతో వేసింది, మెలి తిప్పితే ఊడిపోతుంది. మర చుట్టూ డీజిల్ రాసి ఒక రాత్రి వదిలేయండి.

లోపలికి కిరసనాయిలు సగం దాకా పోసి రెండు మూడు రోజులు ఉంచండి. కిరసనాయిలు దొరక్కపోతే డీజిల్ అయినా చాలు. పొద్దున, సాయంత్రం ఊపుతూ ఉండండి. పెట్రోలు మాత్రం వద్దు. కొమ్ములోకి సైకిల్ బ్రేకు తీగ దూర్చి తిప్పితే బంక ముక్కలుగా వస్తుంది. తుప్పు పొలుసులు లోపల ఎక్కువగా ఉంటే చిన్న నట్లు ఒక గుప్పెడు వేసి, కిరసనాయిలు పోసి ఊపండి. వేసేటప్పుడు నట్లు లెక్కపెట్టుకోండి. తీసేటప్పుడు లెక్క సరిపోవాలి.

ఇంకొకటి, పెయింటు తీయడానికి హీట్ గన్ పెట్టకండి. పాత టంకంలో తగరం, సీసం కలిసి ఉంటాయి. 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. హీట్ గన్ అంతకు రెట్టింపు వేడి ఇస్తుంది. నా దగ్గరికి అలా అతుకులన్నీ ఊడిన క్యాన్‌లు మూడు వచ్చాయి. పాత పెయింటులో సీసం ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి పొడిగా గీకవద్దు. నీళ్లు తడిపి వాటర్ పేపరుతో రుద్దండి, దుమ్ము లేవదు.

పటమట తుప్పు:

పై అన్న చెప్పినదంతా నిజం. తుప్పు దగ్గర నేను చేసిన పొరపాటు కూడా చెబుతాను. నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) లీటరు నీళ్లకు 50 గ్రాములు కలిపి, అడుగు నొక్కే క్యాన్‌ను అందులో ముంచాను. అలా వదిలేసి ఊరెళ్లాను. రెండు రోజుల తర్వాత చూస్తే తుప్పు మొత్తం పోయి బూడిదరంగులో శుభ్రంగా ఉంది. ఎంత సంతోషపడ్డానో! కడిగి, ఆరబెట్టి, నూనె పోసి నొక్కాను. పదోసారో పన్నెండోసారో అడుగు రేకు అంచు వెంట చీలిపోయింది. ఆమ్లం తుప్పుతో పాటు ఉక్కును కూడా తింటుంది. అప్పుడు పుట్టే హైడ్రోజన్ గట్టి స్ప్రింగు ఉక్కులోకి చేరి దాన్ని పెళుసుగా చేస్తుందని తర్వాత తెలిసింది. అది మా తాతయ్యది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నిమ్మ ఉప్పు చెడ్డదని కాదు. మూతలు, పిడులు, ఇనుప లివర్లకు చాలా బాగుంటుంది. గంటకోసారి చూస్తూ, తీయగానే వంటసోడా నీళ్లలో కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టి నూనె రాయాలి. ఆలస్యమైతే పది నిమిషాల్లో మళ్లీ ఎర్రగా పొర కడుతుంది. స్ప్రింగు అడుగును మాత్రం కిరసనాయిలు, సన్నటి ఉక్కుపీచుతో చేత్తోనే తోమండి. రెండు సాయంత్రాలు పడుతుంది, పట్టనివ్వండి.

కృష్ణలంక గంట:

బట్టల సోడా నీళ్లలో బ్యాటరీ చార్జరుతో తుప్పు వదిలించే పద్ధతి ఉంది కదా, అది పనికిరాదా?

పటమట తుప్పు:

దిట్టమైన ఇనుప భాగాలకు పనికొస్తుంది. వస్తువును నెగెటివ్‌కు, పాత ఇనుప ముక్కను పాజిటివ్‌కు కలపాలి. కానీ అక్కడ కూడా వస్తువు మీద హైడ్రోజనే పుడుతుంది, కాబట్టి స్ప్రింగు రేకుకు అదీ వద్దు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకండి. అందులోని క్రోమియం విషపు రూపంలో నీళ్లలోకి దిగుతుంది. అల్యూమినియం వస్తువునైతే సోడా నీళ్లే తినేస్తాయి. తలుపులు మూసిన గదిలో అసలు చేయకండి.

లోకో షెడ్డు (విజయవాడ, రిటైర్డ్):

పిల్లలు ఇంత శ్రద్ధగా మాట్లాడుకుంటుంటే సంతోషంగా ఉంది. నేను స్టీమ్ ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేరాను. మాకు ఇచ్చే క్యాన్‌లు వేరు. కొమ్ము బారెడు ఉండేది. చక్రాల మధ్య రాడ్లకు, యాక్సిల్ బాక్సులకు చెయ్యి అందదు కాబట్టి అంత పొడుగు. పిడి దగ్గర బొటనవేలితో నొక్కే మీట ఉండేది. అది నొక్కితేనే నూనె పారేది. వంచినా ఒలికేది కాదు. కొన్నింటి మీద కేస్, లీడ్స్ అని ముద్ర ఉండేది. కేస్ కంపెనీ పేరు, లీడ్స్ ఊరి పేరు. ఇంగ్లండులో ఆ ఊరే ఆయిల్ క్యాన్‌లకు పేరు. బ్రెయిమ్ కంపెనీ కూడా 1888లో అక్కడే మొదలైంది.

రైల్వే క్యాన్ దొరికితే కాలం ఎలా పోల్చుకోవాలో చెబుతాను. ఒంటి మీద అక్షరాలు పొడిచి ఉంటాయి. ఎం.ఎస్.ఎం. అని ఉంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కాలం, అంటే 1951కి ముందుది. ఎస్.ఆర్. అని ఉంటే సదరన్ రైల్వేది. విజయవాడ డివిజన్ 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వేలోకి వచ్చింది. ఎస్.సి.ఆర్. అని ఉన్నవన్నీ ఆ తర్వాతివే.

ఒక హెచ్చరిక బాబూ. రైల్వే ముద్ర ఉన్నది ఏదైనా వేలంలో అమ్మిన కాగితం లేకుండా కొనకండి. దొంగ రైల్వే సామాను దగ్గర పెట్టుకుంటే నేరమని 1966 చట్టం ఉంది. తుక్కు కొట్టువాడు పర్లేదండీ అంటాడు. కాగితం అడగండి, లేకపోతే వదిలేయండి.

మిషన్ కుట్టు (గుంటూరు, పట్నం బజారు దగ్గర):

మా కుట్టుమిషన్లతో వచ్చే బుల్లి నూనె కుప్పెలు కూడా ఇందులోకి వస్తాయా? నా దగ్గర పదకొండు ఉన్నాయి. అన్నీ పనిచేస్తాయి. బాగుచేయడం కన్నా పాడవకుండా చూసుకోవడం నాకు బాగా తెలుసు కాబట్టి అదే చెబుతాను. కొబ్బరి నూనె, వేరుశనగ నూనె ఎప్పుడూ పోయకండి. వేరుశనగ నూనె గాలి తగిలి జిగురవుతుంది. కొబ్బరి నూనె చలికాలం పొద్దున్నే కొమ్ములోనే పేరుకుంటుంది. ఇంట్లో నూనె ఉంది కదా అని పోసేవాళ్లే ఎక్కువ. రిపేరుకు వచ్చే మిషన్లలో సగం అలా బిగుసుకుపోయినవే. తెల్లటి మిషన్ ఆయిలే పోయాలి.

ఇత్తడి కొమ్ము అయితే చింతపండు, ఉప్పు వేసి తోమి, వెంటనే కడిగి తుడిస్తే చాలు. నానబెట్టకూడదు.

ఆటోనగర్ లేత్ (విజయవాడ):

అమ్మా, తప్పకుండా వస్తాయి. మీరు నూనె గురించి చెప్పింది అందరూ రాసిపెట్టుకోవాలి.

బ్రాడీపేట గారూ, మీ పంపు క్యాన్ గురించి. నూనె ఎక్కడం లేదంటే రెండే చోట్లు చూడండి. పిస్టన్ చివర తోలు వాషర్ ఉంటుంది, అది ఎండి ముడుచుకుపోయి ఉంటుంది. పంపు అడుగున చిన్న ఉక్కు గోళీ, దాని మీద స్ప్రింగు ఉంటాయి. గోళీ బంకలో ఇరుక్కుని ఉంటుంది, లేదా ఎవరో విప్పినప్పుడు పడిపోయి ఉంటుంది. తోలు వాషర్‌కు ఎక్కడికో వెళ్లక్కర్లేదు, కిరసనాయిలు పంపు స్టవ్ వాషర్లు కొన్ని క్యాన్‌లకు సరిగ్గా సరిపోతాయి. ముందు రోజు రాత్రి ఆముదంలో నానబెట్టి, పొద్దున అంచు వేలితో విప్పి బిగించండి. గోళీ పోయి ఉంటే సైకిల్ ముందు చక్రం హబ్బులోది పెట్టి చూడండి, అది 3/16 అంగుళాలు. సరిపోకపోతే బేరింగుల కొట్లో 1/8, 5/32 కూడా దొరుకుతాయి.

చుట్టుగుంట షెల్ఫ్:

నేను క్యాన్‌లతో పాటు పాత నూనె డబ్బాలు కూడా పోగుచేస్తాను. వాటి వయసు తెలుసుకోవడానికి నాకు బాగా పనికొచ్చింది కంపెనీ పేరే. బర్మా షెల్ అని ఉంటే 1976కి ముందుది, ఆ ఏడాదే ప్రభుత్వం తీసుకుంది, తర్వాత అదే భారత్ పెట్రోలియం అయింది. ఎస్సో 1974లో హిందుస్థాన్ పెట్రోలియం అయింది. కాల్టెక్స్ 1978లో అందులోనే కలిసింది. మన విశాఖ రిఫైనరీ మొదట కాల్టెక్స్‌దే. చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. కొలత పైంటుల్లో, గ్యాలన్లలో ఉందంటే లీటర్లు రాకముందు సరుకని నేను అనుకుంటాను, విదేశాల నుంచి వచ్చినవి తప్ప.

సింగ్ నగర్ షెడ్డు (విజయవాడ):

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద వచ్చినప్పుడు నా షెడ్డు రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఇరవై రెండు క్యాన్‌లు మునిగాయి. నీళ్లు తగ్గాక బురదలోంచి ఒక్కొక్కటి ఏరి కడిగాను. నూనె నింపి మూత బిగించి ఉంచిన తొమ్మిదీ లోపల చెక్కుచెదరలేదు, పైపైన తుడిస్తే సరిపోయింది. అందంగా తోమి ఖాళీగా షెల్ఫులో పెట్టినవాటిలో ఆరు చిల్లులు పడ్డాయి. అప్పటినుంచి ఒక్క క్యాన్ కూడా ఖాళీగా ఉంచడం లేదు.

చిల్లులు పడ్డవాటికి వన్‌టౌన్‌లో బిందెలకు మాటు వేసే పెద్దాయన దగ్గర మాటు వేయించాను. నవాసారం రుద్ది, టంకం పోసి, పైన కళాయి పెట్టారు. ఆ పనివాళ్లు తగ్గిపోతున్నారు, మీ వీధిలో ఉంటే ఇప్పుడే వెళ్లండి. పెట్రోలు పోసిన క్యాన్ అయితే ఆ సంగతి వాళ్లకు ముందే చెప్పండి. ఖాళీగా కనిపించినా లోపలి ఆవిరి మంట తగిలితే పేలుతుంది.

కృష్ణలంక గంట:

పెయింటు కొత్తగా వేయాలా, పాతదే ఉంచాలా? నాకు కొత్తగా మెరిసేలా ఎర్ర రంగు వేస్తేనే నచ్చుతుంది.

పటమట తుప్పు:

మీ క్యాన్ మీ ఇష్టం. నేనైతే పేరు, ముద్ర, చెయ్యి అరిగిన చోటు ఉన్నవాటికి రంగు వేయను. అవి పోతే మళ్లీ రావు. రంగు పూర్తిగా లేచిపోయి రేకు మాత్రమే మిగిలినదానికి తప్పకుండా వేయండి.

బ్రాడీపేట బెంచ్ (గుంటూరు):

పద్దెనిమిది రోజుల తర్వాత రాస్తున్నాను. అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

పంపు క్యాన్‌లో గోళీ ఉంది, బంకలో మునిగి ఉంది. తోలు వాషర్ ముట్టుకుంటే పొడి అయిపోయింది. పంపు స్టవ్ వాషర్ కొంచెం పెద్దదైంది, అంచు బ్లేడుతో తగ్గించి పెట్టాను. నాలుగో నొక్కుకు నూనె ఎక్కింది.

అడుగు నొక్కే క్యాన్ కొమ్ము దాదాపు పూర్తిగా మూసుకుపోయింది. మరకు మూడు రాత్రులు డీజిల్ పెట్టాక విప్పగలిగాను. తీగతో పొడిస్తే నల్లటి బంక వేలెడు పొడవున వచ్చింది, అందులో దూది పోగులు ఉన్నాయి. మిల్లు దూదే అయి ఉంటుంది. ఆ ముక్కను పారేయలేక చిన్న సీసాలో వేసి ఉంచాను. తర్వాత అడుగు అంచు చుట్టూ చెక్క సుత్తితో మెల్లగా తట్టాను. టక్‌మని బయటికి వచ్చింది. వంటింట్లోంచి అమ్మ "మీ నాన్న డబ్బానా అది?" అని అడిగింది.

రంగు వేయలేదు. ఒక పక్క బొటనవేలు పట్టే చోట పచ్చరంగు అరిగి తెల్ల రేకు కనబడుతోంది. దానిమీద సన్నగా నూనె రాసి వదిలేశాను. స్పిండిల్ ఆయిల్ పోసి లేత్ పక్కన పెట్టాను. ఇవాళ పొద్దున లేత్ హెడ్‌స్టాక్ బేరింగులకు దాంతోనే నూనె వేశాను.

మూతకు ఉన్న బెండు (కార్క్) వాషర్ మాత్రం ముక్కలైపోయింది. గుంటూరులో బెండు రేకు ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

మిషన్ కుట్టు (గుంటూరు, పట్నం బజారు దగ్గర):

బాబూ, పాత మందు సీసాల బెండు బిరడాలు నా దగ్గర ఉన్నాయి. పదునైన కత్తితో పలచగా కోస్తే వాషర్ వస్తుంది. మూత కొలత చెప్పు, కోసి ఉంచుతాను.