గుంటగలగరలో పాము విషానికి విరుగుడు ఉందా, లేదా?

మెట్టరైతు:
మా చేను గట్ల మీద గుంటగలగర ఎప్పుడూ పచ్చగా ఉంటుంది. అందులోని వెడెలోలాక్టోన్ అనే పదార్థం అమెరికా ఖండాల పాము ర్యాటిల్‌స్నేక్ విషాన్ని అణిచిందని బ్రెజిల్ వాళ్లు 1989లోనే ఎలుకల మీద చూపించారు. సుగంధిపాల వేరులోంచి తీసిన ఆమ్లం రక్తపింజర విషం మీద పనిచేసిందని కలకత్తాలో తేల్చారు. ఇన్నేళ్లయినా మందు రాలేదంటే ఆకు వైద్యమంటే చిన్నచూపే కారణం.

ల్యాబ్‌మనిషి:
అన్నా, బ్రెజిల్‌లో ఎలా చేశారో చూడండి. విషం, ఆకు సారం ముందే పరీక్ష గొట్టంలో కలిపి, తర్వాత ఎలుకకు ఎక్కించారు. పాము కరిచిన మనిషికి విషం ముందు ఎక్కుతుంది, మందు ఎప్పటికో అందుతుంది. పైగా చాలా ఆకుల్లో వగరు రుచినిచ్చే టానిన్లుంటాయి. అవి ప్రొటీన్‌ను పట్టుకుని ముద్ద చేస్తాయి. విషంలో ఎక్కువ భాగం ప్రొటీనే. గొట్టంలో చాలా వగరు ఆకులు పనిచేసినట్టే కనిపిస్తాయి.

మెట్టరైతు:
విషం అణిగిందా, లేదా? అది చెప్పండి.

ల్యాబ్‌మనిషి:
గొట్టంలో అణిగింది.

మెట్టరైతు:
ఒప్పుకున్నారు కదా. చాలు.

గోదారొడ్డు:
మా అమ్మమ్మ ఈశ్వరి వేరు తాగించేది. చాలామంది బతికారు.

పల్లెనర్సు:
కరిచిన ప్రతిసారీ విషం ఎక్కదండీ. వాళ్లలో కొందరు ఏం తాగకపోయినా బతికేవాళ్లే. ఈశ్వరిలోని అరిస్టోలోకిక్ ఆమ్లం విషంలోని ఒక ఎంజైమును ఆపుతుంది, నిజమే. అదే ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. దయచేసి తాగించకండి.

ల్యాబ్‌మనిషి:
చాలదు మెట్టరైతు గారూ. మా మేనమామ నేలమీద పడుకుంటే రాత్రి కట్లపాము కరిచింది. వాపు లేదు, పెద్దగా నొప్పీ లేదు. పసరాయన నాలుక మీద మిరియం పెట్టి, కారం తెలుస్తోంది కాబట్టి విషం లేదన్నాడు. తెల్లారేసరికి మామయ్య రెప్పలు ఎత్తలేకపోయాడు. మింగలేక చొంగ కారుతోంది. ఆస్పత్రి మెట్ల దగ్గరే ఊపిరి ఆగింది. "అణిగింది, చాలు" అని మీరంటే నాకు ఆ మిరియమే గుర్తొస్తుంది.

మెట్టరైతు:
అంటే పసరు మనిషి హంతకుడనా? నా భార్యను వేరుశనగ చేలో రక్తపింజర కరిచింది. దగ్గరి ఆస్పత్రికి రాత్రి తొమ్మిదికి తీసుకెళ్తే విషానికి విరుగుడు ఇంజెక్షన్ యాంటీవెనమ్ లేదు, 60 కిలోమీటర్లు పొమ్మన్నారు. కాలు తొడదాకా ఉబ్బింది, చిగుళ్లలోంచి రక్తం. బతికింది గానీ కిడ్నీలు పోయాయి, ఇప్పుడు డయాలసిస్. ఆ రాత్రి మాకు తలుపు తీసింది పసరు తాత ఒక్కడే. టార్చి పట్టుకుని ఆటో దాకా వచ్చాడు. ఆయన్ని తిడితే ఊరుకోను.

ల్యాబ్‌మనిషి:
తాత వదినను ఆపాడా?

మెట్టరైతు:
లేదు. ఆకు నూరి కట్టి, ఎక్కడా ఆగకుండా పొమ్మన్నాడు.

ల్యాబ్‌మనిషి:
మావాడు ఆపాడన్నా. అదొక్కటే నా బాధ.

మెట్టరైతు:
అయితే ఆకు మీద పరిశోధన వద్దంటారా?

ల్యాబ్‌మనిషి:
గట్టిగా చేయాలి. ముందు విషం ఎక్కించి, ఆలస్యంగా మందిచ్చి చూడాలి. దారిలో మింగించే మాత్ర ఒకటి ఉంటే ఆ 60 కిలోమీటర్లలో వదినకు పనికొచ్చేదేమో. అంతవరకు యాంటీవెనమే దిక్కు.

మెట్టరైతు:
అదే మా ఊళ్లో లేదంటున్నానమ్మా. మొదటినుంచీ నేను చెప్పేది అదే.

పల్లెనర్సు:
ఇప్పుడు చెప్పారు. పొడి రూపంలో వచ్చే యాంటీవెనమ్‌కు ఫ్రిజ్ అక్కర్లేదు, చిన్న ఆస్పత్రిలోనూ నిలవ పెట్టొచ్చు. రేపే వెళ్లి ఎన్ని సీసాలున్నాయో అడగండి. మొదటి డోసుకే పది దాకా కావాలి.