చెక్కపని రౌటర్‌కి బయట కొన్న చక్ (బిట్ పట్టే బిగింపు) తగిలించడం: పనికొస్తుందా, దండగా?

గ్యారేజ్_మావయ్య (డాలస్)
చెక్కకి గాడులు, అంచులు తీసే నా రౌటర్ మెషీన్ టేబుల్ కింద తలకిందులుగా బిగించి ఉంటుంది. కోసే బిట్ మార్చాలంటే కిందికి వంగి రెండు పానాలు పట్టుకోవాలి, ఒకటి షాఫ్ట్‌కి, ఇంకోటి బిట్‌ని పట్టి ఉంచే కొల్లెట్ నట్టుకి. బిగుసుకుపోయిన నట్టు ఒక్కసారిగా వదిలేసరికి వేళ్ల కణుపులు టేబుల్ అంచుకి కొట్టుకుని తోలు లేస్తోంది. ఇక్కడ మజిల్‌చక్ అని ఒకటి దొరుకుతుంది. కొల్లెట్, నట్టు రెండూ తీసేసి షాఫ్ట్ మరల మీదే దాన్ని ఎక్కించేయాలి, ఆ తర్వాత ఒక్క అలెన్ కీతో కాస్త తిప్పితే బిట్ వదులుతుంది. కొనొచ్చా? ఎవరైనా వాడారా?

టేకుదుంగ
కొనకండి. కొల్లెట్ అంటే చీలికలున్న గొట్టం, నట్టు బిగించేకొద్దీ ఏటవాలు గూట్లోకి దిగుతూ బిట్ కాడని చుట్టూ సమానంగా పట్టుకుంటుంది. నిమిషానికి 20 వేల చుట్లు పైగా తిరిగే మోటారుకి ఆ పట్టు కావాలి. మీరు దాన్ని తీసేసి ఒక్క స్క్రూ మీద నమ్మకం పెడతానంటున్నారు. ఆ కీ చక్‌లోనే మర్చిపోయి స్విచ్ వేస్తే అది ఎక్కడికెళ్లి తగులుతుందో ఆలోచించారా? రౌటర్ చేసినవాళ్లకి తెలియకనా రెండు పానాలు ఇచ్చింది?

చిత్రిక_మిస్త్రీ
కొల్లెట్ దేవుడేం కాదు సార్. పోయినేడాది టేకు తలుపుకి 8 ఎంఎం లోతు గాడి తీస్తుంటే బిట్ మెల్లగా జారి కిందికి దిగింది. నేను చూసుకునేసరికి గాడి చివర 11 దాటింది. పలక మొత్తం పోయింది. అప్పుడు ఉన్నది కంపెనీ కొల్లెట్టే.

టేకుదుంగ
బిట్‌ని అడుగుకి ఆనించి బిగించి ఉంటారు. అడుగు తగిలాక ఒక 3 ఎంఎం పైకి లాగి బిగించాలి, లేకపోతే కొల్లెట్ లోపలికి దిగేటప్పుడు బిట్ దాంతోపాటు దిగలేక పట్టు సరిగా రాదు. ఆనించారా లేదా?

చిత్రిక_మిస్త్రీ
ఆనించలేదు.

టేకుదుంగ
అందరూ ఇదే చెప్తారు.

పాత_ఉలి
12 ఎంఎం కాడ ఉన్న బిట్ తెచ్చి అర ఇంచు కొల్లెట్‌లో పెట్టలేదు కదా? అర ఇంచు అంటే 12.7. పైకి బిగిసినట్టే ఉంటుంది, కాడంతా సమానంగా పట్టదు.

చిత్రిక_మిస్త్రీ
అర ఇంచు కాడ బిట్టే అన్నా. కొల్లెట్ అరిగిపోయింది, చీలికల్లో జిగురు పట్టి నల్లగా అయిపోయింది. కొత్తది తెప్పించమని ఓనర్‌ని మూడుసార్లు అడిగాను. తలుపు పోయాక కూలీలో కోశాడు గానీ కొల్లెట్ మాత్రం రాలేదు.

గ్యారేజ్_మావయ్య (డాలస్)
అండీ, నా ప్రశ్న టేబుల్ కింద ఉన్న రౌటర్ గురించి...

పాత_ఉలి
టేబుల్‌కైతే సుఖమే. చక్ పొడుగు వల్ల బిట్ కాస్త పైకి వస్తుంది, పై నుంచే మార్చుకోవచ్చు. చేత్తో పట్టి కిందికి నొక్కే ప్లంజ్ రౌటర్‌కి అదే పొడుగు ఇబ్బంది, బిట్ కిందికి పొడుచుకొస్తుంది.

టేకుదుంగ
నా షాపులో రెండు ట్రిమ్మర్లు (చిన్న రౌటర్లు), రెండు రౌటర్లు ఉన్నాయి. దేని బిట్ దానికే ఉంటుంది, మైకా అంచుకి ఒకటి, గాడికి ఒకటి. రోజంతా బిట్లు మార్చుకుంటూ కూర్చుంటే తలుపులెవరు చేస్తారు? చేతగాని మిస్త్రీకే సామాను మీద సాకులు.

చిత్రిక_మిస్త్రీ
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. చక్ గట్టిదా కాదా అన్నది కాదు మీ బాధ. మిస్త్రీ చెయ్యి తేలికపడటానికి పెట్టే ప్రతి రూపాయీ మీకు దండగలా కనిపిస్తుంది, అంతే. అందరికీ రెండు రౌటర్లు ఉండవు సార్. ఒక్కదానితోనే గాడి, అంచు, మోల్డింగ్ అన్నీ చేస్తాను, రోజుకి పదిహేనుసార్లు మార్చిన రోజులున్నాయి. రౌటర్‌ని పక్కకి పడుకోబెట్టి రెండు చేతుల్లో రెండు పానాలు పట్టుకుంటే, మోచెయ్యి స్విచ్‌కి తగిలిందోసారి. బొటనవేలికి నాలుగు కుట్లు పడ్డాయి. ఒక్క కీతో అయ్యే పనైతే రెండో చెయ్యి దూరంగా ఉండేది.

టేకుదుంగ
ప్లగ్ తీయకుండా బిట్ మీద చెయ్యి వేశారా? అది చక్‌తో బాగుపడే రోగం కాదు. నా షాపులో గోడ మీద రాయించి పెట్టాను, ప్లగ్ తీశాకే బిట్ మార్చాలని.

చిత్రిక_మిస్త్రీ
రాత మా షాపులోనూ ఉంది. మీ ప్లగ్ పాయింటు ఎక్కడుందో చెప్పండి ముందు.

టేకుదుంగ
బెంచీకి అవతల.

టేకుదుంగ
ప్లైవుడ్ షీట్ల వెనక. సరే, ఒప్పుకుంటా, బెంచీ దగ్గరికే ఒక ప్లగ్ బోర్డు వేయిస్తాను. చక్ మాత్రం వద్దనే అంటాను.

పాత_ఉలి
బోర్డు వేయిస్తే చాలు. మిగతాది తర్వాత కొట్టుకోండి.

గ్యారేజ్_మావయ్య (డాలస్)
నేను ఆర్డర్ పెట్టేశాను. ఒక్కో రౌటర్ షాఫ్ట్ మరలు ఒక్కోలా ఉంటాయి, మోడల్ చూసుకునే కొనాలి. కీ తీశాకే స్విచ్ అని టేబుల్ మీద పెన్నుతో రాసుకున్నాను, టేకుదుంగ గారి పుణ్యం. చిత్రిక గారూ, సంక్రాంతికి ఊరొస్తున్నాను, మీ రౌటర్ మోడల్ చెప్తే మీకూ ఒకటి తెస్తాను.

చిత్రిక_మిస్త్రీ
థాంక్సండీ. రౌటర్ నాది కాదు, ఓనర్ది. రేపు షాపు మారితే ఆ చక్ అక్కడి రౌటర్‌కి ఎక్కుతుందా?