లండన్‌లో మా వీధికి ఎల్‌టీఎన్ (లో ట్రాఫిక్ నైబర్‌హుడ్) వచ్చింది, అమ్మకి బ్లూ బ్యాడ్జి (వికలాంగుల పార్కింగ్ కార్డు) ఉన్నా ఫైన్ పడింది. ఏం చేయాలి?

గోదారి_అమ్మాయి:
అందరికీ నమస్తే. చిన్న వీధుల్లోంచి అడ్డదారిన పోయే కార్లు ఆగాలని మా వీధికి ఒక చివర పూలతొట్లు, ఇంకో చివర కెమెరా పెట్టారు. స్ట్రోక్ వచ్చాక అమ్మకి కుడివైపు పనిచేయదు. వీల్‌చైర్ నుంచి కార్లోకి ఎక్కించడానికే చాలాసేపు పడుతుంది, పైగా ఎక్కువసేపు కూర్చుంటే నడుం పట్టేస్తుంది. ఫిజియోకి ఇదివరకు నేరుగా వెళ్లేవాళ్లం, ఇప్పుడు మెయిన్ రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి, ఆ ట్రాఫిక్ సంగతి మీకు తెలిసిందే. బ్యాడ్జి చూపిస్తే మా కారు నంబరుకి కెమెరా పర్మిట్ ఇచ్చారు, బాగానే ఉంది. నేను కారు ఆఫీసుకి తీసుకెళ్లిన రోజు అన్నయ్య తన కార్లో అమ్మని తీసుకెళ్లాడు, ఫైన్ వచ్చింది. అడిగితే ఒక బ్యాడ్జికి ఒకటే బండి అన్నారు. వీధి ప్రశాంతంగా ఉంది, తీసేయమని నేను అనట్లేదు, కానీ ఇదేం పద్ధతి?

ఈస్ట్_లండన్_వాసి:
ముందు ఫైన్ కట్టేయకండి. ఇప్పుడు 160 పౌండ్లు, 14 రోజుల్లో కడితే సగం, అందుకే అందరూ టెన్షన్ పడి కట్టేస్తారు, కట్టాక ఇక ఛాలెంజ్ చేయడానికి ఉండదు. 28 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం పంపండి, బ్యాడ్జి కాపీ, ఆ రోజు అపాయింట్‌మెంట్ లెటర్ జత చేయండి. వాళ్లు కాదంటే లండన్ ట్రిబ్యునల్స్ అని ఫైన్ల మీద అప్పీళ్లు వినే చోటికి వెళ్లొచ్చు, దానికి ఫీజు లేదు. ఇంకో మాట, ఏ బరో (లండన్‌లో ఒక్కో కౌన్సిల్ ప్రాంతం) రూల్ దానిదే. మీ పర్మిట్ పక్క బరోలో చెల్లుతుందని అనుకోకండి.

మూడు_చక్రాలు:
నాకు కాళ్లు పనిచేయవు, హ్యాండ్‌సైకిల్ మీద తిరుగుతాను. నా వైపు నుంచి కూడా వినండి. మా పేవ్‌మెంట్ మీద చెట్ల వేర్లు పలకల్ని పైకి లేపేశాయి, వీల్‌చైర్ ముందు చక్రాలు అక్కడే ఇరుక్కుంటాయి. కార్లు తగ్గాక నేను రోడ్డు మీదే ధైర్యంగా వెళ్తున్నాను. కార్లు నడపని వికలాంగులం చాలామందిమి ఉన్నాం, మా పేరు చెప్పి మొత్తం తీసేయమనే వాళ్లంటే నాకు కోపం. అలాగని పెట్టినవాళ్లు అన్నీ సరిగ్గా పెట్టారా అంటే అదీ లేదు. స్తంభాల మధ్య కనీసం 1.5 మీటర్లు వదలాలని సైకిల్ దారుల మీద ప్రభుత్వం ఇచ్చిన 2020 గైడెన్స్‌లోనే ఉంది, మా దగ్గర ఒకచోట నా బండి పట్టనే పట్టదు. ఇంకోచోట పూలతొట్టిని సరిగ్గా పేవ్‌మెంట్ దిగే వాలు ముందే పెట్టారు!

కేర్_డ్యూటీ:
నేను ఇళ్లకి వెళ్లే కేర్ వర్కర్‌ని. పర్మిట్ ఉన్న కొడుకు కారు గురించే అందరూ మాట్లాడతారు, ఒంటరిగా ఉండే పెద్దావిడకి కారెక్కడిది? ఆవిడ దగ్గరికి వెళ్లేది నేనే, నా కారుకి పర్మిట్ లేదు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరిగే టైముకి నాకు జీతం రాదు, చుట్టూ తిరిగి వెళ్లేసరికి ఆవిడ మందుల టైము దాటిపోతుంది. మినీక్యాబ్ వాళ్లయితే తొట్ల అవతలే దిగి నడిచి రమ్మంటారు. నడవగలిగితే క్యాబ్ ఎందుకు పిలుస్తారండీ?

ఈస్ట్_లండన్_వాసి:
ఇది చాలా పెద్ద లోపం. బ్లూ బ్యాడ్జి ఇచ్చేది మనిషికి, బండికి కాదు. పార్కింగ్‌కి అయితే అన్నయ్య కారైనా టాక్సీ అయినా, అమ్మ అందులో ఉంటే చాలు, చెల్లుతుంది. కెమెరా దగ్గరికొచ్చేసరికి నంబర్ ప్లేటుకి కట్టేశారు. గోదారి గారూ, మీ లెటర్‌లో ఇదే రాయండి, 2010 ఈక్వాలిటీ యాక్ట్ కింద రీజనబుల్ అడ్జస్ట్‌మెంట్ (వైకల్యానికి తగ్గట్టు సర్దుబాటు) అడుగుతున్నామని స్పష్టంగా పెట్టండి. కోర్టుకి వెళ్తే మొత్తం రద్దవుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. లాంబెత్ బరో ఎల్‌టీఎన్‌ల మీద ఒక వికలాంగురాలు వేసిన కేసు 2021లో హైకోర్టులో, 2022లో అప్పీల్ కోర్టులో ఓడిపోయింది. ట్రాన్స్‌పోర్ట్ ఫర్ ఆల్ అనే వికలాంగుల సంస్థ 2021లో ఇచ్చిన రిపోర్టు కూడా తీసేయమనలేదు, తమని అడిగి సరిచేయమంది. మీ ఎల్‌టీఎన్‌ది ప్రయోగాత్మక ఆర్డరా (కొన్నాళ్లు పెట్టి చూసేది) కాదా చూడండి. అలాంటిదైతే మొదటి ఆరు నెలలు అభ్యంతరాలు తీసుకుంటారు, గరిష్ఠంగా 18 నెలల్లో ఏదో ఒకటి తేల్చాలి.

గోదారి_అమ్మాయి:
ప్రయోగాత్మకమేనండి, ఇంకా ఆరు నెలలు కాలేదు. ఫైన్ కట్టలేదు, లెటర్ రాసేస్తాను. కేర్_డ్యూటీ గారూ, మీ పాయింట్ కూడా అందులో పెడతాను, మా అమ్మ దగ్గరికి వచ్చే అమ్మాయిదీ ఇదే ఇబ్బంది. మూడు_చక్రాలు గారూ, ఆ తొట్టి ఫోటో తీసి మీ కౌన్సిల్‌కి పంపారా? దాన్ని జరపడానికి ఏ ఆర్డరూ అక్కర్లేదు కదా.