చర్చ: పిల్లల్లో సెల్ఫ్ ఎస్టీమ్ పెంచాలా, తమని తాము ఒప్పుకోవడం నేర్పాలా?

చీపురుపల్లి_టీచర్:
పదో తరగతిలో వెనకబడిన పిల్లల చేత "నేను తెలివైనవాణ్ణి" అని రోజూ రాయించమంటున్నారు. యూనిట్ టెస్టు పేపర్లు ఇచ్చిన రోజే అదంతా కొట్టుకుపోతోంది. మార్గం చెప్పండి.

రాజాం_లెక్కలు:
కొట్టుకుపోక ఏమవుతుంది మేడమ్? సెల్ఫ్ ఎస్టీమ్ అంటే తనకి తాను వేసుకునే మార్కు. 1890లోనే అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ దాన్ని భాగహారంగా చెప్పాడు: సాధించింది పైన, ఆశించింది కింద. పేపరు చేతికొచ్చినప్పుడల్లా ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. 2003లో మనస్తత్వవేత్త బామైస్టర్ బృందం అప్పటిదాకా జరిగిన పరిశోధనలు తిరగేసి, ఎస్టీమ్ పెంచితే మార్కులు పెరుగుతాయనడానికి ఆధారం దొరకలేదంది. మరో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ ఎల్లిస్ దారి వేరు: పనికి మార్కు వెయ్యి, మనిషికి వెయ్యకు. తనని తాను ఒప్పుకోవడమంటే అదే.

పలాస_కౌన్సెలింగ్:
ఇది మన పిల్లలకి జీడిపప్పుతో చెప్పండి, ఇట్టే ఎక్కుతుంది. గుండుకి ఒక గ్రేడు, బద్దకి ఒకటి, ముక్కకి ఒకటి. అన్నీ కలిసిన బస్తాకి ఒకే గ్రేడు వెయ్యమంటే ఏ వ్యాపారీ వెయ్యడు. మనిషి ఆ బస్తా.

బొబ్బిలి_ఇంగ్లీష్:
బాగుంది గానీ, "నాకు లెక్కలు రావులెండి, ఒప్పేసుకున్నాను" అని కూర్చునేవాళ్లనేం చేస్తాం?

రాజాం_లెక్కలు:
అది ఒప్పుకోవడం కాదు మాస్టారూ, తన మీద తానే వేసుకున్న సున్నా. తప్పు ఎక్కడో వేలుపెట్టి చూపించగలిగితేనే ఒప్పుకున్నట్టు. x² − 7x + 12 = 0 తీసుకోండి. వర్గ సమీకరణ సూత్రంలో −b దగ్గర 7 రావాలి (b అంటే ఇక్కడ −7), పిల్లలు −7 వేసేస్తారు. జవాబు 3, 4 కి బదులు −3, −4 వస్తుంది. అక్కడ "మొద్దు" అనకండి, "పర్లేదు, నువ్వు తెలివైనవాడివే" అనీ అనకండి. "−3 ని సమీకరణంలో వేసి చూడు" అనండి. 9 + 21 + 12, మొత్తం 42. సున్నా రాలేదు. తప్పు వాడికే కనబడుతుంది.

పేపర్లిచ్చేటప్పుడు మార్కులు పైకి చదవొద్దు, బోర్లించి ఇవ్వండి. మొదటి పది నిమిషాలు పిల్లలు తప్పులే చూసుకోవాలి. నోట్సులో మూడు గళ్లు: ఏ మెట్టులో తప్పింది, ఎందుకు, ఈసారి ఏం చేస్తాను. రెండో గడిలో "నేను వేస్టు" అని రాస్తే కొట్టేయించి, "గుర్తు మార్చలేదు" అని రాయించండి. ఒక పేపరుకి మూడు తప్పులు చాలు. అన్నీ రాయిస్తే ఇంపోజిషనైపోతుంది.

పలాస_కౌన్సెలింగ్:
పొగడ్తతోనూ జాగ్రత్త. 1998లో మనస్తత్వవేత్తలు ముల్లర్, డ్వెక్ చేసిన ప్రయోగాల్లో, తెలివిని మెచ్చుకున్న పిల్లలు కష్టమైన పజిల్స్ దగ్గర ఓడిపోయాక వెనక్కి తగ్గారు. శ్రమని మెచ్చుకున్నవాళ్లు నిలబడ్డారు.

చీపురుపల్లి_టీచర్:
ఇంటికెళ్తే "పక్కింటి గుంటడికి ఎన్నొచ్చాయి?" అంటారు కదా, అక్కడో?

పలాస_కౌన్సెలింగ్:
తల్లిదండ్రుల మీటింగులో ప్రోగ్రెస్ కార్డు కన్నా ముందు ఆ మూడు గళ్ల పేజీ చూపించండి, అడగడానికి వాళ్లకి వేరే ప్రశ్న దొరుకుతుంది. కానీ "నేను బతికి ఏం లాభం" అన్న మాట పిల్లల నోట వస్తే గళ్లూ నోట్సూ పక్కన పెట్టెయ్యండి. ఒంటరిగా వదలకండి, ఇంట్లోవాళ్లని పిలిపించండి, అక్కడి నుంచే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కి ఫోన్ చెయ్యండి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.